తమ్ముడు పంపానంటున్నాడు, అమ్మ ఖాతాలో పడలేదు

గుంటూరు జిల్లాలోని ఒక చిన్న ఊరి నుంచి 43 ఏళ్ల సోదరి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు, బ్యాంకు పేరు వేయొద్దన్నారు. ఎనిమిది పేజీల ఉత్తరాన్ని కుదించి ఇస్తున్నాను.

ఆమె ఇంట్లోనే కుట్టుమిషన్ మీద బ్లౌజులు కుడతారు. భర్త ఎరువుల దుకాణంలో గుమస్తా. నాన్నగారు 2019లో పోయారు. 70 ఏళ్ల అమ్మ ఈమె దగ్గరే ఉంటున్నారు. అమ్మకు రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. గుంటూరులో ఆపరేషన్‌కు వచ్చే నెల మొదటి వారంలో తేదీ ఇచ్చారు. తొమ్మిదేళ్లుగా జర్మనీలో ఉంటున్న తమ్ముడు ఖర్చంతా తనదేనన్నాడు. ఇదివరకు చిన్న మొత్తాలను ఫోన్‌లో ఏదో యాప్ ద్వారా పంపేవాడు. ఈసారి పెద్ద మొత్తం కాబట్టి తన బ్యాంకు నుంచి నేరుగా అమ్మ ఖాతాకే 5,000 యూరోలు, అంటే మన లెక్కలో దాదాపు ఐదు లక్షలు పంపాడు.

పంపే ముందు "అక్కా, అమ్మ ఖాతా నంబరు, బ్యాంకు స్విఫ్ట్ కోడ్ పంపు" అని మెసేజ్ పెట్టాడు. ఆమెకు ఆ కోడ్ ఏమిటో తెలియదు. నాన్నగారి పాత డైరీ తీస్తే, 2016లో ఆయన నీలం సిరాతో "బాబు అక్కడి నుంచి డబ్బు పంపాలంటే" అని రాసుకుని, కింద పెద్ద అక్షరాలతో ఆ కోడ్ వేసుకున్నారు. దాన్నే చూసి టైప్ చేసి పంపారు. తమ్ముడు డబ్బు పంపి 17 రోజులైంది. ఖాతాలో పడలేదు. బ్రాంచికి వెళితే కౌంటర్‌లో ఉన్నాయన "మా బ్రాంచికి స్విఫ్ట్ కోడే లేదమ్మా" అన్నాడు. ఇంటికొచ్చాక ఆమెకు ఇంకో సంగతి తట్టింది. ఆ బ్యాంకు 2020లో వేరే బ్యాంకులో కలిసిపోయింది. బోర్డు మారింది, పాస్‌బుక్ మారింది. డైరీలో ఉన్నది పాత బ్యాంకు కోడ్. ఈ విషయం ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

ఈలోగా ఇంట్లో మాటలు పెరిగాయి. "టీ కొట్టులో పది రూపాయలు క్షణంలో పడుతున్నాయి, ఐదు లక్షలకు పదిహేడు రోజులా? అసలు పంపాడా వాడు?" అని భర్త అన్నారు. తమ్ముడు స్క్రీన్‌షాట్ పెట్టి, "నా ఖాతాలో కట్ అయింది. అక్కడ పడిందేమో మీరే సరిగ్గా చూసుకోండి" అన్నాడు. ఆ 'మీరే' దగ్గర భర్తకు కోపం వచ్చింది. వారం రోజులుగా బావ, బావమరిది మాట్లాడుకోవడం లేదు. అమ్మ "నా మోకాళ్లు తగలెయ్య, నా వల్లే వీళ్లిద్దరికీ చెడింది, ఆపరేషనే వద్దు" అంటున్నారు. ఇంటర్నెట్‌లో దొరికిన ఒక 'హెల్ప్‌లైన్' నంబరుకు ఈమె ఫోన్ చేస్తే, రిలీజ్ ఛార్జీ కింద 8,500 కడితే రెండు గంటల్లో పడుతుందన్నారు. భర్త రెండు రూపాయల వడ్డీకి అప్పు తెద్దామంటున్నారు. "డబ్బు వేరేవాళ్ల ఖాతాలోకి వెళ్లిపోయిందా? తప్పు నాదేనా? తమ్ముడికి చెప్పాలా, వద్దా?" అని అడుగుతున్నారు.

సమాధానం:

ముందు ఆ 8,500 కట్టకండి. కట్టేసి ఉంటే ఇప్పుడే 1930కి ఫోన్ చేయండి. సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు అదే. ఓటీపీ చెప్పి ఉంటే అమ్మ ఖాతా ఉన్న బ్రాంచికి కూడా వెంటనే తెలియజేయండి. విదేశాల నుంచి వచ్చిన డబ్బును విడుదల చేయడానికి ఏ బ్యాంకూ ఫోన్‌లో ముందుగా రుసుము కట్టించుకోదు. బ్యాంకుకు రావలసిన ఛార్జీ ఏదైనా ఉంటే వచ్చిన డబ్బులోంచో ఖాతాలోంచో తీసుకుంటుంది. డబ్బు ఆగి కంగారు పడేవాళ్ల కోసమే ఇలాంటి నంబర్లు ఇంటర్నెట్‌లో కాచుకుని ఉంటాయి.

ఇక మీకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న. డబ్బు వేరేవాళ్ల ఖాతాలోకి వెళ్లిపోయి ఉండే అవకాశం చాలా తక్కువ. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిగ్గా చదవండి. ఇది అర్థమైతే మీ ఇంట్లో సగం గొడవ ఉండదు.

మనియార్డరు మీ అమ్మగారికి బాగా గుర్తుండే ఉంటుంది. హైదరాబాదులో ఎవరో వంద రూపాయలు కడితే, ఆ నోటే సంచిలో మీ ఊరికి వచ్చేది కాదు. ఫారం వచ్చేది. అది చూసి మీ ఊరి పోస్టాఫీసు తన దగ్గరున్న డబ్బులోంచి ఇచ్చేది. స్విఫ్ట్ పని కూడా అలాంటిదే. 1973లో కొన్ని దేశాల బ్యాంకులు కలిసి బెల్జియంలో పెట్టుకున్న సహకార సంస్థ అది. డబ్బు దాని చేతిలో ఉండదు. ఒక బ్యాంకు రాసిన కబురును ఇంకో బ్యాంకుకు భద్రంగా చేరవేస్తుంది, అంతే. 200కు పైగా దేశాల్లో 11,000కు పైగా సంస్థలు దాన్ని వాడుతున్నాయి. డబ్బు మాత్రం బ్యాంకులు ఒకదాని దగ్గర ఒకటి తెరుచుకున్న ఖాతాల్లో సర్దుబాటు అవుతుంది. మన బ్యాంకులకు యూరోల కోసం యూరప్‌లో ఏదో ఒక బ్యాంకులో ఖాతా ఉంటుంది. దాన్ని నోస్ట్రో ఖాతా అంటారు. మీ తమ్ముడి బ్యాంకుకు, ఆ ఖాతా ఉన్న బ్యాంకుకు నేరుగా సంబంధం లేకపోతే మధ్యలో మూడో బ్యాంకు వస్తుంది.

మీ ఆయన అడిగిన టీ కొట్టు ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. యూపీఐలో ఇచ్చే బ్యాంకు, పుచ్చుకునే బ్యాంకు రెండూ మన దేశంలోనివే, ఒకే వ్యవస్థ కింద ఉన్నవే. స్టుట్‌గార్ట్‌లో అయినా మరో ఊళ్లో అయినా ఉన్న జర్మన్ బ్యాంకుకు, మీ ఊరి బ్యాంకుకు మధ్య అలాంటి ఒకే గొడుగు లేదు. మూడు నాలుగు చేతులు మారాలి. ప్రతి చోటా ఒకరు పేరు చూస్తారు, కారణం చూస్తారు. ఏ చోటైనా అనుమానం వస్తే పక్కన పెట్టి ప్రశ్న పంపుతారు. అన్నీ సరిగ్గా ఉంటే ఒకటి రెండు రోజుల్లో పడిపోయే డబ్బే, ఒక్క వివరం తేడా వస్తే వారాలు కూర్చుంటుంది. పదిహేడు రోజులు ఆగడం మామూలు కాదు కానీ, తమ్ముడు పంపలేదనడానికి అది రుజువు కాదు. మీ ఆయనకు ఈ ఒక్క పేరా చదివి వినిపించండి.

ఇప్పుడు ఆ కోడ్ సంగతి. స్విఫ్ట్ కోడ్‌లో 8 అక్షరాలుంటాయి, లేదా 11. మొదటి నాలుగు బ్యాంకువి, తర్వాతి రెండు దేశానివి, ఆపై రెండు ఊరివి. స్టేట్ బ్యాంకుది చూడండి: ఎస్‌బీఐఎన్, ఐఎన్, బీబీ. ఐఎన్ అంటే ఇండియా. చివరి బీబీ ఒకప్పటి బొంబాయిది. అందుకే మన పెద్ద బ్యాంకుల్లో చాలావాటి కోడ్‌లు బీబీతో కనబడతాయి. ఇంకో మూడు అక్షరాలు ఉంటే అవి బ్రాంచివి. ఆ మూడు లేకపోయినా, మూడు ఎక్స్‌లు ఉన్నా, కబురు ప్రధాన కార్యాలయానికి వెళుతుంది.

కాబట్టి కౌంటర్‌లో ఆయన చెప్పింది అబద్ధం కాదు, సగం మాట. చిన్న ఊళ్లలోని బ్రాంచిల్లో చాలావాటికి సొంత స్విఫ్ట్ కోడ్ ఉండదు. అక్కర్లేదు కూడా. డబ్బు ప్రధాన కార్యాలయం కోడ్ మీద బ్యాంకుకు వస్తుంది, అక్కడ ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ చూసి మీ బ్రాంచిలోని ఖాతాలో వేస్తారు. "మా బ్రాంచికి లేదు, హెడ్డాఫీసుది వాడాలి" అని ఆయన పూర్తిగా చెప్పి ఉంటే మీరు వారం రోజులు ఏడ్చేవాళ్లు కాదు.

ఐఎఫ్‌ఎస్‌సీ అన్నాను కదా, చాలామంది ఈ రెంటినీ కలిపేస్తారు. దాంట్లోనూ 11 అక్షరాలే. కానీ అది మన దేశం లోపల నెఫ్ట్, ఆర్‌టీజీఎస్ లాంటి వాటికి. ఐదో చోట ఎప్పుడూ సున్నా ఉంటుంది. స్విఫ్ట్‌లో ఐదు, ఆరు స్థానాలు దేశం అక్షరాలు. ఇదివరకు మీ తమ్ముడు యాప్‌లో పంపినప్పుడు స్విఫ్ట్ కోడ్ ఎందుకు అడగలేదంటే, అలాంటి కంపెనీలు యూరోలు అక్కడే తీసుకుని, ఇక్కడ తమ బ్యాంకు నుంచి రూపాయలను ఐఎఫ్‌ఎస్‌సీ మీద వేసేస్తాయి. గల్ఫ్‌లో మనవాళ్లు ఎక్స్చేంజ్‌కు వెళ్లి కట్టేదీ ఎక్కువగా ఈ దారే.

మీ అమ్మగారి డబ్బు ఎక్కడ ఆగి ఉండొచ్చు? మీరు రాసిన వివరాలను బట్టి నాకు మూడు చోట్లు కనబడుతున్నాయి.

మొదటిది మీరు భయపడుతున్నదే, పాత బ్యాంకు కోడ్. 2020 ఏప్రిల్ 1న పది ప్రభుత్వ రంగ బ్యాంకులు నాలుగుగా కలిశాయి. అలాంటి విలీనాల తర్వాత పాత కోడ్‌లను కొంతకాలం నడవనిచ్చి, తర్వాత ఎత్తేస్తారు. ఎత్తేసిన కోడ్‌తో వెళ్లిన డబ్బు ఏ మూడో మనిషికీ చేరదు. పంపిన బ్యాంకులోనో మధ్య బ్యాంకులోనో ఆగి, చివరికి ఛార్జీలు పోను వెనక్కి వెళుతుంది. అయితే ఒక మాట. అసలు లేని కోడ్ అయితే మీ తమ్ముడి బ్యాంకే చాలావరకు అక్కడికక్కడ తిప్పి కొట్టాలి. కొట్టలేదంటే, వాళ్ల ఫారం అక్షరాల వరస మాత్రమే చూసి వదిలేసి ఉండాలి, లేదా ఆ కోడ్‌ను ఇంకా ఎవరో అందుకుంటూ ఉండాలి. కాబట్టి తప్పంతా డైరీదేనని ఇప్పుడే తీర్మానించుకోకండి.

రెండోది పేరు. నా అనుమానం దీని మీదే ఎక్కువ. మీ ఉత్తరంలో ఒక్క వాక్యంలో రాసి దాటేశారు: పాస్‌బుక్‌లో అమ్మ ఇంటిపేరు ఒక్క అక్షరంతోనే ఉంది, తమ్ముడు మాత్రం పాస్‌పోర్టుల్లో లాగా ఇంటిపేరు పూర్తిగా, అదీ పేరు చివర రాశాడు. నేను ఉద్యోగంలో ఎక్కువ కాలం బ్యాంకు ఫారెక్స్ సెక్షన్‌లో, అంటే విదేశీ డబ్బు లావాదేవీలు చూసే చోట, గడిపాను. పొద్దున్నే తెరిచే పెండింగ్ జాబితాలో మన తెలుగువాళ్ల పేర్లు ఎప్పుడూ ఉండేవి, అన్నీ దాదాపు ఇదే కారణంతో. ఖాతాలో 'కె. లక్ష్మమ్మ' అని ఉంటుంది, కబురులో లక్ష్మమ్మ తర్వాత ఇంటిపేరు బారుగా ఉంటుంది. ముంబైలో కూర్చున్న ఉద్యోగికి ఈ ఇద్దరూ ఒకరేనని ఎలా తెలుస్తుంది? పక్కన పెట్టి, పంపిన బ్యాంకుకు ప్రశ్న పంపుతాడు. ఆ ప్రశ్న అక్కడ ఇంకొకరి టేబుల్ మీద కూర్చుంటుంది. పేర్లను అంత పట్టి చూడడానికి కారణాలున్నాయి. 2016 ఫిబ్రవరిలో దొంగలు బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు పేరుతో దొంగ స్విఫ్ట్ కబుర్లు పంపి 8.1 కోట్ల డాలర్లు ఫిలిప్పీన్స్‌కు తరలించారు. శ్రీలంకకు పంపిన మరో 2 కోట్ల డాలర్లు మాత్రం వాళ్ల చేతికి పోలేదు. ఫౌండేషన్ అన్న మాటను 'ఫాండేషన్' అని తప్పుగా రాయడంతో బ్యాంకుకు అనుమానం వచ్చి ఆపింది. అలాంటి జల్లెడలోనే మీ అమ్మ ఇంటిపేరు చిక్కి ఉండొచ్చు.

మూడోది ఖాతా నంబరు. నిజానికి నేను కోడ్ కన్నా ఎక్కువ భయపడేది దీనికే. యూరప్‌లో ఖాతాకు ఐబాన్ అని పొడుగాటి నంబరు ఉంటుంది, జర్మనీలో 22 అక్షరాలు. దేశం అక్షరాల తర్వాత వచ్చే రెండు అంకెలు సరిచూసుకోవడానికే పెట్టారు. ఒక అంకె తప్పు కొడితే యంత్రం అక్కడే పట్టేస్తుంది. 2016 నుంచి యూరప్ లోపల యూరోలు పంపడానికి ఐబాన్ ఒక్కటి చాలు, స్విఫ్ట్ కోడ్ రాయక్కర్లేదు. మీ తమ్ముడు ఆ అలవాటులో ఉన్నాడు. మన దేశంలో ఐబాన్ లేదు. మన ఖాతా నంబరులో ఒక అంకె అటు ఇటు అయినా అక్కడి ఫారం నోరెత్తదు. అందుకని ఇవాళే పాస్‌బుక్ ముందు పెట్టుకుని, తమ్ముడికి మీరు పంపిన నంబరును అంకె అంకె వేలు పెట్టి చూడండి. మీ అమ్మాయి చేతో అబ్బాయి చేతో పైకి చదివించండి, మీరు టిక్కు పెట్టండి. అంకె తప్పినా, ఆ తప్పు నంబరు నిజంగా ఒకరిది కావాలి, ఆ మనిషి పేరు మీ అమ్మ పేరుతో కలవాలి. అందుకే అవకాశం చాలా తక్కువ అన్నాను. కానీ తప్పు కనబడితే మాత్రం ఒక్క పూట కూడా ఆలస్యం చేయకుండా తమ్ముడికి చెప్పండి.

ఈ మూడింట్లో ఏది నిజమో నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను, మీ బ్రాంచివాళ్లూ చెప్పలేరు. చెప్పగలిగేది ఒక్క కాగితం. మీ తమ్ముడు పెట్టిన స్క్రీన్‌షాట్ అతని ఖాతాలో కట్ అయిందని మాత్రమే చెబుతుంది. అతను తన బ్యాంకును అడగాల్సింది ఎంటీ 103 కాపీ. జర్మనీ బ్యాంకు పంపిన కబురు నకలు అన్నమాట. 2025 నవంబరుతో ఆ పాత నమూనా పోయి కొత్తది వచ్చింది కానీ, కౌంటర్లలో ఇప్పటికీ ఆ పేరు చెబితేనే త్వరగా అర్థమవుతుంది. దాంతోపాటు యూఈటీఆర్ అనే నంబరు అడగమనండి. మధ్యలో గీతలతో కలిపి 36 అక్షరాలుంటుంది. కొరియర్‌కు ట్రాకింగ్ నంబరు లాంటిది. 2018 నవంబరు నుంచి ఇలాంటి ప్రతి బదిలీకీ అది ఉంటుంది. దాన్ని పట్టుకుని వెతికితే కబురు ఏ బ్యాంకు దాకా వెళ్లింది, ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది అన్నది బ్యాంకువాళ్లకు తెరమీద కనబడుతుంది.

ఆ కాగితం రాగానే మీరు బ్రాంచికి వెళ్లండి, కానీ కౌంటర్‌లో నోటిమాటగా అడిగి వచ్చేయకండి. మీ బ్రాంచివాళ్లకు విదేశీ డబ్బు రోజూ వచ్చేది కాదు, వాళ్ల తెరమీద అది కనబడకపోవచ్చు. మేనేజరుకు అమ్మ సంతకంతో అర్జీ ఇవ్వండి. ఫలానా తేదీన, ఇంత మొత్తం, ఫలానా బ్యాంకు నుంచి, ఈ యూఈటీఆర్‌తో వచ్చింది, మీ ఫారెక్స్ సెల్‌లో పెండింగ్‌లో ఉందేమో విచారించండి అని నాలుగు వాక్యాలు చాలు. పాస్‌బుక్, ఆధార్, పాన్ జెరాక్సులు జతచేయండి. రెండో కాపీ మీద స్టాంపు, తేదీ వేయించుకోండి. పాస్‌బుక్ పేరు, ఆధార్ పేరు ఒకరివేనని ఒక వాక్యం అర్జీలోనే రాయండి. అమ్మ ఖాతాకు కేవైసీ ఎప్పుడు చేశారో, ఈ రెండేళ్లలో ఆమె ఆ ఖాతాలో డబ్బు వేయడమో తీయడమో చేశారో కూడా అడగండి. రెండేళ్లు ఏమీ చేయకపోతే ఖాతాను నిద్రాణంలో పెడతారు, అదీ ఒక అడ్డంకి కావచ్చు. డబ్బు ఎందుకు వచ్చిందని అడిగితే కుటుంబ పోషణ అని చెప్పండి. దానికి పీ1301 అని రిజర్వు బ్యాంకు కోడ్ ఉంది, వాళ్లకు తెలుసు. కొడుకు తల్లికి పంపిన డబ్బు మీద అమ్మకు ఆదాయపు పన్ను పడదు. ఎవరైనా అలా బెదిరిస్తే పట్టించుకోకండి.

బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగ్గా లేకపోయినా, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు. డబ్బేమీ కట్టక్కర్లేదు. 14448కి ఫోన్ చేస్తే ఎలా చేయాలో చెబుతారు. ఆ స్టాంపు వేయించిన కాపీ అప్పుడు పనికొస్తుంది.

డబ్బు ఎక్కడుందో తెలిశాక తమ్ముడి ముందు రెండు దారులుంటాయి. డబ్బు మన దేశంలోని బ్యాంకు దగ్గరే ఆగి ఉంటే, పేరునో నంబరునో సరిచేస్తూ తన బ్యాంకు ద్వారా సవరణ కబురు పంపించొచ్చు. దీనికి అక్కడ కొంత ఫీజు తీసుకుంటారు కానీ, మీకిది దగ్గరి దారి. రెండోది డబ్బు వెనక్కి రప్పించుకోవడం. పాత కోడే కారణమైతే ఇదే చేయాల్సి రావొచ్చు. దీనికి వారాలు పట్టొచ్చు, ఛార్జీలు పోతాయి, యూరోలు రూపాయలుగా మారి ఉంటే మళ్లీ మార్చేటప్పుడు రేటులోనూ కొంత పోతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. ఒక పక్క సవరణ, ఇంకో పక్క వెనక్కి పంపమని అభ్యర్థన రెండూ వెళ్లాయంటే బ్యాంకులు గందరగోళంలో పడి అసలు కదలవు. ఒకటి ఎంచుకుని దాన్నే పట్టుకోమనండి.

ఆపరేషన్ తేదీ దగ్గర పడుతోంది, ఆ డబ్బు వచ్చేదాకా ఆగలేం అంటారా? రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. ఐదు లక్షల మీద నెలకు పదివేలు. మీ ఆయన జీతమెంతో మీరు రాయలేదు, కానీ ఆ పదివేలు మీ కుట్టుమిషన్ మీద పడతాయని నాకు తెలుసు. నేనైతే ముందు ఆస్పత్రికి ఫోన్ చేసి తేదీ రెండు వారాలు జరపడానికి వీలుందేమో అడుగుతాను. మోకాలి మార్పిడి ముందుగా తేదీ వేసుకుని చేసేది, గుండెనొప్పిలా ఆ రాత్రికే చేయాల్సింది కాదు. అయితే అమ్మ నొప్పి ఇంకో పదిహేను రోజులు భరించాలి, అది ఆమెను అడిగి నిర్ణయించండి. తేదీ జరపలేమంటే, తమ్ముడు పాత యాప్ ద్వారానే అడ్వాన్సుకు సరిపడా కొంత పంపగలడేమో చూడండి. అతనికి ఇది భారమే, ఐదువేల యూరోలు గాలిలో ఉండగా మళ్లీ జేబులోంచి తీయాలి. అవీ కుదరకపోతే వడ్డీ వ్యాపారి కన్నా బ్యాంకులో బంగారం మీద తీసుకోవడం చవక, డబ్బు రాగానే తీర్చేయొచ్చు. కానీ మీ మెడలోది పెట్టాల్సి వస్తే ఆ మాట తమ్ముడికి ముందే తెలియాలి. తర్వాత తెలిస్తే అది ఇంకో గాయం అవుతుంది.

ఇక మీరు అన్నిటికన్నా చివర, చిన్న అక్షరాలతో రాసిన ప్రశ్న. తమ్ముడికి చెప్పాలా?

చెప్పకుండా ఉండొచ్చు. ఎంటీ 103 రాగానే అందులో ఏ కోడ్ వాడారో ఎలాగూ ఉంటుంది. అప్పుడు అతనే చూసి "ఇది పాత బ్యాంకుది కదా అక్కా" అంటాడు. మీరు అప్పుడు ఆశ్చర్యపోయినట్టు నటించాలి, లేదా తెలిసీ ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదో వివరించాలి. ఆ రెండూ ఇప్పుడు చెప్పడం కన్నా కష్టం. పైగా ఈలోపు మీ ఆయన అతన్ని అనుమానిస్తూనే ఉంటారు, మీరు పక్కనే కూర్చుని వింటూ ఉంటారు. నాకు మీ ఉత్తరంలో అన్నిటికన్నా బాధ కలిగించింది ఆ దృశ్యమే.

ఇప్పుడే చెబితే? తమ్ముడికి మొదట విసుగు రావొచ్చు. కానీ అతని బ్యాంకుకు మొదటి రోజే సరైన కారణం చెప్పగలుగుతాడు, వెతుకులాట తగ్గుతుంది. ఇక్కడ ఇంకోటి కూడా ఉంది. కోడ్ పంపింది మీరు, పంపే ముందు దాన్ని సరిచూసుకోవాల్సింది ఇద్దరూ. బ్యాంకు వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకుని ఉండాల్సిందని అతనికీ అనిపిస్తుంది. నీలం సిరాతో నాన్నగారు రాసిన అక్షరాలను మీరు నమ్మారు. అప్పటికి అది సరైన కోడే. ఇందులో మీరు తలదించుకోవాల్సింది ఏమీ లేదు.

చెప్పాలనుకుంటే ఫోన్‌లో మాటలు వెతుక్కోకుండా ఆ డైరీ పేజీ ఫోటో తీసి పంపండి. కింద రెండు ముక్కలు రాయండి: "నాన్న రాసిందని చూసి పంపాను రా. తర్వాత గుర్తొచ్చింది, బ్యాంకు మారిందని. భయమేసి చెప్పలేదు." మీ తమ్ముడు ఆ చేతిరాత చూసి తొమ్మిదేళ్లయి ఉంటుంది.

మీ ఆయనతో వేరేగా మాట్లాడండి, తమ్ముడి ఫోన్ వచ్చినప్పుడు కాదు. ఆయన కోపంలో డబ్బు ఒక్కటే లేదని నాకనిపిస్తోంది. అత్తగారిని ఇన్నేళ్లు ఇంట్లో పెట్టుకుని చూసుకుంటున్నది ఆయన. మందులషాపుకు వెళ్లేది ఆయన. "మీరే సరిగ్గా చూసుకోండి" అన్న మాట ఆయనకు దొంగ అన్నట్టు వినబడింది. తమ్ముడు ఆ అర్థంతో అని ఉండడు, దూరంగా ఉండి ఏమీ చేయలేని టెన్షన్‌లో అన్నాడు. అయినా ఆ మాట తగిలిందని తమ్ముడికి తెలియాలి, అది చెప్పగలిగేది మీరే. వీలైతే బ్రాంచికి అర్జీ ఇవ్వడానికి మీ ఆయన్నే తీసుకెళ్లండి. ఎరువుల షాపులో లెక్కలు రాసే మనిషి, ఆ యూఈటీఆర్ కాగితం మీ కన్నా బాగా చదువుతారు. తమ్ముడిని ఎంటీ 103 నేరుగా బావ వాట్సాప్‌కు పంపమంటే ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఒక పని దొరుకుతుంది. ఒప్పుకోకపోతే బలవంతం చేయకండి. అప్పుడు అది మీ ఫోన్‌కే రానివ్వండి.

అమ్మకు మాత్రం ఇవాళే చెప్పండి, డబ్బు పోలేదని, ఆగిందని, ఆమె మోకాళ్లకూ దీనికీ సంబంధం లేదని.

డబ్బు పడినప్పుడు ఒక విషయానికి ముందే సిద్ధంగా ఉండండి. 5,000 యూరోలూ పూర్తిగా రావు. మధ్య బ్యాంకు తన ఛార్జీ కోసుకుని ఉండొచ్చు, ఇక్కడి బ్యాంకు మార్పిడి రేటులో కొంత, ఛార్జీలో కొంత తీసుకుంటుంది. విచారణ ఫీజు కూడా పడితే ఇంకాస్త తగ్గుతుంది. పంపేటప్పుడు ఛార్జీలు ఎవరివని అడిగే చోట మీ తమ్ముడు ఏది ఎంచుకున్నాడో దాన్ని బట్టి ఉంటుంది. "ఐదువేలు పంపానన్నాడు, లెక్క తక్కువుంది" అని ఇంట్లో ఇంకో మాట పుట్టకముందే, జమ అయిన రోజున బ్రాంచిలో ఇన్‌వర్డ్ రెమిటెన్స్ అడ్వైస్ అడిగి తీసుకోండి. ఎన్ని యూరోలు చేరాయి, ఏ రేటుకు మార్చారు, ఎంత కోశారు అన్నీ ఆ ఒక్క కాగితం మీద ఉంటాయి. దాన్ని ఫోటో తీసి తమ్ముడికి పంపండి, కాగితం మీ ఆయన చేతికివ్వండి.